భవనం భూకంపాన్ని తట్టుకునేనా? ఇంజినీర్ల లెక్క ఇదీ..

భద్రాచలం: 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించడంతో గోదావరి తీరం ఉలిక్కిపడింది. ఈ లోయకు భూకంపాలు కొత్త కావు. 1969 ఏప్రిల్‌ 13న భద్రాచలం సమీపంలో 5.7 తీవ్రతతో భూకంపం సంభవించింది. అలాంటి కుదుపును భవనం తట్టుకోగలదో లేదో ఇంజినీర్లు కట్టకముందే లెక్కగడతారు.

బరువే భారం
ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే నిల్చున్న ప్రయాణికుడు వెనక్కి తూలుతాడు. భవనం పరిస్థితీ అంతే. పునాది నేలతోపాటు జరుగుతుంది. పై అంతస్తులు జడత్వం వల్ల ఉన్నచోటే ఉండజూస్తాయి. ఆ ఒత్తిడి స్తంభాలపై పడుతుంది. బరువు పెరిగేకొద్దీ ఈ బలమూ పెరుగుతుంది.

ఊగే కాలం
ప్రతి భవనానికీ ఒకసారి అటూ ఇటూ ఊగేందుకు సహజ కాలం ఒకటుంటుంది. గోడల ప్రభావాన్ని పక్కనబెడితే, భారత ప్రమాణం ఐ.ఎస్‌.1893 (2016) సూత్రం ప్రకారం 15 మీటర్ల ఎత్తున్న కాంక్రీటు భవనానికి అది సుమారు 0.57 సెకను, 30 మీటర్లకు 0.96 సెకను. నేల కంపనాలు ఈ కాలంతో కలిస్తే ఊపు పెరుగుతుంది. నేల గట్టిదా, మెత్తనిదా అన్నదీ అందుకే పరిశీలిస్తారు. ఎత్తైన భవనాల నమూనాను కంప్యూటర్‌లో రూపొందించి, గతంలో నమోదైన భూకంపాల కదలికలతోనూ పరీక్షిస్తారు.

190 నుంచి 38 టన్నులకు
మూడో జోన్‌లో, మధ్యరకం నేలపై 1000 టన్నుల బరువు, 15 మీటర్ల ఎత్తు గల సాధారణ భవనాన్ని తీసుకుందాం. ఏమాత్రం దెబ్బతినకుండా నిలవాలంటే పునాది వద్ద సుమారు 190 టన్నుల అడ్డు బలాన్ని తట్టుకోవాలి. ఖర్చు దృష్ట్యా అందులో ఐదో వంతుకు, అంటే 38 టన్నులకే డిజైన్‌ చేస్తారు. పెద్ద భూకంపంలో భవనం పగుళ్లిచ్చినా, సాగి నిలబడుతుందే తప్ప కూలదన్నదే దీనికి ఆధారం.

ఆ సాగే గుణాన్నిచ్చేది స్తంభాల్లోని రింగులే. దూలాలు కలిసేచోట వాటిని దగ్గరగా కట్టాలి. కొక్కేలను 135 డిగ్రీల మేర లోపలికి వంచాలి. ఇది జరగకుంటే 38 టన్నుల లెక్కకు అర్థమే లేదు.

గుజరాత్‌ నేర్పిన పాఠం
2001 జనవరి 26న భుజ్‌ భూకంపం సంభవించినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లోనూ బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావాటి కింది అంతస్తును పార్కింగు కోసం గోడలు లేకుండా వదిలారు. పైఅంతస్తులు గోడలతో బిగువుగా ఉండటంతో ఊపంతా కింది స్తంభాలపైనే పడింది.

పార్కింగు వదిలి ఇల్లు కట్టేవారు ఆ స్తంభాలను ప్రత్యేకంగా డిజైన్‌ చేయించుకోవాలి. కాంక్రీటు పోసేముందే రింగులను ఇంజినీరుకు చూపించాలి. పోశాక చూసేందుకు ఏమీ మిగలదు.