తప్పిపోయిన పిల్లి దూరం పోదు!

పెంపుడు పిల్లి కనిపించకపోతే ఇంటిల్లిపాదికీ తోచే మొదటి మాట 'పారిపోయింది' అనే! పిల్లి ఏడిళ్ళు తిరిగే ప్రాణి అనీ, ఆకలి వేస్తే అదే వస్తుందనీ పెద్దలు ఓదారుస్తారు. పెరళ్ళలో, పెంకుటిళ్ళ కప్పుల మీద స్వేచ్ఛగా తిరిగి పెరిగిన పిల్లుల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే కావచ్చు. కాని నేటి హైదరాబాదు, ముంబయి, చెన్నై వంటి నగరాలలో ఎన్నో పిల్లులు మేడల మీద నాలుగు గోడల మధ్యనే పెరుగుతున్నాయి. వాటికి వీధి తెలియదు, వీధికుక్క తెలియదు, మోటారు వాహనం తెలియదు. గ్యాసుబండ తెచ్చిన మనిషి కోసం తెరిచిన తలుపు సందులో నుండి జారిపోయిన అటువంటి పిల్లి ఎక్కడికి పోతుంది?

సాధారణంగా ఎక్కడికీ పోదు. దగ్గరలోనే దాగి ఉంటుంది.

పిల్లి వేటాడే జంతువు మాత్రమే కాదు. తనకంటె పెద్ద జంతువుల వాత పడే జంతువు కూడా. ఎరుగని చోట భయం కలిగినప్పుడు కిమ్మనక ముడుచుకొని ఉండడమే ప్రకృతి దానికి నేర్పిన ఆత్మరక్షణోపాయం. అందుచేతనే యజమాని పిలుపు వినిపిస్తున్నా, కడుపు కాలుతున్నా అది బదులు పలకకపోవచ్చు. అది విశ్వాసహీనత కాదు, కేవలం భయం.

అంకెలు చెప్పే సత్యం

ఈ విషయమై 2018లో 'ఏనిమల్స్' అనే శాస్త్ర పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. తప్పిపోయిన 1,210 పిల్లుల గురించి వాటి యజమానులు ఇచ్చిన వివరాలను పరిశోధకులు పరిశీలించారు. వాటిలో నూటికి 34 మొదటి వారంలోనే ప్రాణాలతో యజమానులకు దొరికాయి. ఏడాది గడిచేసరికి దొరికినవి నూటికి 61 మాత్రమే. 90 రోజుల తరువాత సజీవంగా దొరికినవి బహు స్వల్పం. బయట తిరిగే అలవాటున్న పిల్లులలో నూటికి 75 వరకు 1,609 మీటర్ల లోపల దొరకగా, ఇల్లు కదలని పిల్లులలో అన్నే 137 మీటర్ల లోపల దొరికాయి! చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదకిన చందంగా ఉన్నది మన అన్వేషణ.

కాబట్టి మొదట ఇంటిలోనే బీరువాలు, అటకలు, మంచాల అడుగు చూడండి. తరువాత గుమ్మం నుండి బయలుదేరి మెట్ల కింద, పంపుగదిలో, పూలకుండీల వెనుక, నిలిపి ఉంచిన కార్ల అడుగున వెదకండి. ఇరుగుపొరుగువారు "మా వైపు రాలేదండీ" అన్నంత మాత్రాన తృప్తి పడక, వారి అనుమతితో సామాను గదులను స్వయంగా పరిశీలించండి. రాత్రి సద్దు మణిగిన తరువాత టార్చిలైటుతో మరొకసారి వెదకడం మంచిది. వెలుతురు పడగానే పిల్లి కళ్ళు మెరుస్తాయి. చీకటి మూలల్లో ఆ మెరుపే దాని జాడ తెలుపుతుంది. కనిపించగానే వెంటబడరాదు. నేలమీద కూర్చుండి, మెల్లగా పిలుస్తూ, అలవాటైన ఆహారం ముందుంచి ఓపికతో వేచి ఉండాలి.

ముందు జాగ్రత్తలు

ఎంత ఎత్తు నుండి పడినా పిల్లికి ప్రమాదం లేదనే నమ్మకం సరికాదు. 1984లో న్యూయార్కులోని ఒక పశువైద్యశాలకు అయిదు నెలల కాలంలోనే మేడల మీద నుండి పడిన 132 పిల్లులను తీసుకువచ్చారు. చికిత్స పొందినవాటిలో నూటికి 90 బ్రతికినా, ఎన్నింటికో రొమ్ముకు, దవడకు, కాళ్ళకు గాయాలయ్యాయి. అందువల్ల కిటికీలకు, బాల్కనీకి గట్టి వల బిగువుగా కట్టించాలి. పావురాల కోసం కట్టే పలుచని వలను పిల్లి కొరికివేయగలదు.

పిల్లికి గుమ్మం దగ్గర తిండి పెట్టరాదు, ఆటలాడించరాదు. వీధి తలుపు తీసే ముందు దానిని లోపలి గదిలో ఉంచే అలవాటు చేసుకోవాలి. దీపావళినాడు బాణసంచా మొదలు కాకముందే కిటికీలు మూసిన గదిలోకి చేర్చాలి. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే జోడు కోసం బయటకు పరుగులు తీసే తహతహ తగ్గుతుంది. కుక్కకాటు వంటి ప్రమాదాలున్నాయి గనుక, రేబిస్ టీకా ఇంటి పిల్లికీ అవసరమే.

మెడపట్టీ కడితే, చిక్కుకున్నప్పుడు తనంత తాను ఊడిపోయేదే కట్టాలి. చర్మం కింద అమర్చే బియ్యపు గింజంత మైక్రోచిప్ మరింత శాశ్వతమైన గుర్తు. అయితే అందులోని సంఖ్య పిల్లి దొరికిన తరువాత యజమానిని తెలుపుతుందే గాని, పిల్లి ఉన్న చోటును తెలుపదు. ఆ చోటును మనమే కనుగొనాలి.

తప్పిపోయిన పిల్లి చాలాసార్లు మనలను విడిచిపోయినది కాదు. ఇల్లు చేరడానికి ధైర్యం చాలక పక్కనే ఆగిపోయినది. ఆ కొద్ది గజాలు మొదటి వారంలోనే మనం నడవాలి.