మట్టిగోడకు పట్టే చెమ్మ, బూజు: ప్రత్యామ్నాయ గృహనిర్మాణంలో ‘ఆరే దారి’

వ్యాససంగ్రహం:
మట్టి, గడ్డి వంటి ప్రత్యామ్నాయ సామగ్రితో కట్టిన ఇళ్లలో చెమ్మ ఎలా చేరుతుందో, బూజు ఎందుకు పడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. గోడ తడవడం కంటె, తడిసిన గోడ ఆరకపోవడమే ఎక్కువ నష్టానికి కారణమన్న అంశాన్ని న్యూ మెక్సికోలోని ఒక పచ్చి ఇటుకల చర్చి, నెబ్రాస్కాలోని గడ్డి బేళ్ల కట్టడాలు, తెలుగునేల మీది చుట్టిళ్లు, మట్టిమిద్దెల ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చెమ్మ, బూజు, పచ్చి ఇటుక, గడ్డి బేలు, మట్టిమిద్దె, చవుడు, సున్నం.

ఉపోద్ఘాతం:
మట్టి ఇల్లు మళ్లీ చర్చలోకి వచ్చింది. సిమెంటుకు, కాల్చిన ఇటుకకు ఖర్చయ్యే ఇంధనాన్ని, ఎండాకాలంలో కాంక్రీటు గదుల వేడిని చూసి కొందరు కొత్తగా మట్టితో కట్టుకుంటున్నారు. తాతలనాటి మిద్దెను పడగొట్టకుండా నిలుపుకోవాలని చూసేవారు మరికొందరు. ఈ ఇద్దరికీ ఉండే మొదటి భయం వాన. ఆ భయంతో ఇద్దరూ సాధారణంగా చేసే పని కూడా ఒకటే: గోడకు సిమెంటు పూత పూసి, దాని మీద నీరు దిగని రంగు వేయడం. గోడను కాపాడుతుందనుకున్న ఈ పనే చాలాచోట్ల గోడను లోపలినుంచి మెత్తబరుస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో మట్టిగోడ కూలి నిద్రలో ఉన్నవారు మరణించిన వార్తలు తెలుగు పత్రికలు చదివేవారికి కొత్త కావు. కనుక ఇది అందచందాలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

1. తడి, తేమ, చెమ్మ:
వాడుకలో ఈ మూడు మాటలూ ఒకదాని చోట ఒకటి వస్తూనే ఉంటాయి. అయినా వీటి మధ్య ఉన్న సూక్ష్మభేదం నిర్మాణశాస్త్రానికి చక్కగా పనికివస్తుంది. వానజల్లు తగిలిన గోడ తడిసింది అంటాం. గాలిలో ఉన్నది తేమ. గోడలోకి దిగి అక్కడే నిలిచిపోయినది చెమ్మ. తడి పైపైది, ఎండ కాయగానే పోతుంది. తేమ వస్తూ పోతూ ఉంటుంది. చెమ్మ నిలిచి ఉంటుంది; నష్టమంతా దానితోనే. ఈ వ్యాసంలో ఈ పదాలను ఈ అర్థాల్లోనే వాడడం జరిగింది.

‘బూజు’ విషయంలో భాష ఇందుకు భిన్నంగా ప్రవర్తించింది. సాలెగూడు మీద దుమ్ము పేరుకుని వేలాడేదీ బూజే, ఊరగాయ మీద తెల్లగా పట్టేదీ బూజే. మొదటిది దులిపితే పోతుంది. రెండవది శిలీంధ్రం, పొడిగా ఉన్నప్పుడు దులిపితే దాని సిద్ధబీజాలు గదంతా చెదిరి, ఆస్తమా ఉన్నవారి ఊపిరికి అడ్డుపడతాయి. గోడకు పట్టిన బూజును చీపురుతో దులిపే అలవాటు వెనుక ఈ ఒకే పేరు ప్రభావం కొంత ఉండవచ్చు. దానిని తడిగుడ్డతో తుడిచి తీయాలి. చెమ్మ వచ్చిన దారిని మూయకపోతే తుడిచినదీ మళ్లీ వస్తుంది.

సిద్ధబీజాలు లేని గాలి ఉండదు. అవి మొలకెత్తడానికి ఆహారం, అనువైన వేడి, నీరు కావాలి. గడ్డి, కర్ర, కాగితం, రంగులోని జిగురు – ఏదైనా వాటికి ఆహారమే. తెలుగు ప్రాంతాల్లో వేడికి కొరత లేదు. కాబట్టి మనిషి చేతిలో ఉన్నది నీటిని అదుపుచేయడం ఒక్కటే. గోడ ఉపరితలం దగ్గర సాపేక్ష ఆర్ద్రత సుమారు 80 శాతాన్ని దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు మొదలవుతుంది. నీరు కారనక్కరలేదు, గోడ తడిగా కనిపించనక్కరలేదు.

2. నీరు వచ్చే దారులు:
నేలలోని నీరు గోడలోని సూక్ష్మరంధ్రాల గుండా, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు, పైకి ఎక్కుతుంది. ఎక్కిన నీరు గోడ ముఖం నుంచి ఆవిరైపోతే దానితో వచ్చిన లవణాలు అక్కడ మిగిలి స్ఫటికాలవుతాయి. గోడ అడుగుభాగం ఉప్పుబట్టడం, పెచ్చులూడడం ఇందువల్లనే. రాతి పునాదిని నేలకు జానెడైనా ఎత్తుగా లేపి దానిమీద మట్టిగోడ పెట్టడం దీనికి పాత పరిష్కారం. వాన నీరు రెండవ దారి. చూరు కురచగా ఉంటే నేరుగాను, చూరు నుంచి పడిన ధార నేలకు కొట్టుకుని చిందడం ద్వారాను అది గోడను చేరుతుంది.

మూడవదాన్ని కట్టేవారు తరచుగా మరచిపోతారు. అది కట్టేటప్పుడు కలిపిన నీరే. ముద్దమట్టితో వరుసలు పెట్టిన గోడలో ఘనమీటరుకు సుమారు రెండు మూడు వందల లీటర్ల నీరు ఉంటుంది. మూరెడు మందమున్న గోడ ఆ నీటిని వదలడానికి నెలలు పడుతుంది. గృహప్రవేశ ముహూర్తానికి తొందరపడి, ఆరని గోడకు పుట్టీ, రంగు పూర్తిచేస్తే మొదటి ఏడాదే బూజు కనిపిస్తుంది. ఎండబెట్టిన పచ్చి ఇటుకలతో కట్టినప్పుడు ఈ బాధ తక్కువ. ఇక నాలుగవది మనుషులు, వంట, స్నానం, గదిలో ఆరేసిన బట్టలు వదిలే ఆవిరి.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. మట్టిగోడ ‘ఊపిరి పీలుస్తుంది’ అని తరచుగా వింటాం. గోడల గుండా గాలి మార్పిడి జరుగుతుందన్న భావనను 19వ శతాబ్దంలో మ్యూనిక్‌కు చెందిన మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ ప్రచారంలోకి తెచ్చాడు. తరువాతి పరిశోధనలు దాన్ని నిలబెట్టలేదు. గోడ గాలిని మార్చదు. ఆవిరిని తీసుకుని, గాలి పొడిగా ఉన్నప్పుడు తిరిగి వదులుతుంది. జర్మనీలోని కాసెల్ విశ్వవిద్యాలయంలో గెర్నాట్ మింకె జరిపిన ప్రయోగాల్లో, గది ఆర్ద్రతను 50 శాతం నుంచి 80 శాతానికి ఒక్కసారిగా పెంచినప్పుడు, పచ్చి ఇటుకలు రెండు రోజుల్లో కాల్చిన ఇటుకలకు 30 రెట్లు తేమను పీల్చుకున్నాయి. ఈ గుణం బంకమన్నుది. దానిమీద ప్లాస్టిక్ రంగు పూస్తే ఆ గుణం ఉండీ లేనట్టే. కాబట్టి మట్టి ఇంటికి కిటికీలు అక్కరలేదనుకోవడం కూడా పొరపాటే.

3. రాంచోస్ డి టావోస్ అనుభవం:
సిమెంటు పూత మట్టిగోడకు ఏంచేస్తుందో చెప్పడానికి అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, రాంచోస్ డి టావోస్ అనే ఊరిలో ఉన్న సాన్ ఫ్రాన్సిస్కో డి ఆసిస్ చర్చి కంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం. 19వ శతాబ్దపు తొలినాళ్లకు నిర్మాణం పూర్తయిన ఈ పచ్చి ఇటుకల కట్టడం చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ చిత్రాల ద్వారా, ఆన్సెల్ ఆడమ్స్ ఛాయాచిత్రాల ద్వారా ప్రసిద్ధమైంది. దాని గోడలకు తరతరాలుగా గడ్డి కలిపిన మట్టినే పూస్తూ వచ్చారు. ఏటేటా పూయవలసిన శ్రమ తప్పుతుందని 1967లో గట్టి సిమెంటు పూత వేశారు.

సిమెంటు, మట్టి ఒకే విధంగా వ్యాకోచించవు, సంకోచించవు. పూతలో వెంట్రుకవాసి బీటలు ఏర్పడతాయి. వాన, కరిగిన మంచు ఆ బీటలలోంచి లోపలికి దిగుతాయి. దిగిన నీటికి బయటికి రావడానికి మాత్రం దారి లేదు. ఈ స్థితిలో పచ్చి ఇటుక తన ఆకారాన్ని కోల్పోయి తిరిగి బురద అవుతుంది. మట్టిపూత ఉన్న గోడ పాడైతే పైకి కనిపిస్తుంది: పూత కరుగుతుంది, గాడి పడుతుంది, ఊరివాళ్లు ఆ ఏడు దాన్ని మెత్తి సరిచేస్తారు. సిమెంటు పూత వెనుక జరిగేది ఎవరికీ కనిపించదు. పుష్కరకాలమైనా నిండకముందే నష్టం ఎంత లోతుకు వెళ్లిందో బయటపడి, 1979లో సిమెంటునంతా తొలగించి మళ్లీ మట్టిపూతకే మళ్లారు. ఇప్పటికీ వేసవిలో ఊరివారు కలిసి ఆ చర్చికి మట్టి మెత్తుతారు. ఆ ప్రాంతంలో ఈ పూతపని సంప్రదాయంగా స్త్రీల నైపుణ్యం. అరుగులను, గోడలను పేడమట్టితో అలికే పని తెలుగు పల్లెల్లోనూ స్త్రీలదే కావడం గమనించదగినది. ఇంటి మన్నికకు ఆధారమైన ఈ పనిని నిర్మాణవిద్యగా ఎవరూ లెక్కించకపోవడం వల్లనే దాన్ని అంత సులువుగా వదిలించుకోవలసిన చాకిరీగా చూశారు.

పేడ గురించి ఒక మాట. అది క్రిములను చంపుతుందన్న వాదనకు వచ్చినంత ప్రచారం, దానిలోని సన్నని పీచు పూతను బీటలు వారకుండా పట్టి ఉంచుతుందన్న విషయానికి రాలేదు. గోడకు అవసరమైనది ఈ రెండవది.

4. గడ్డి గోడలు:
నెబ్రాస్కా రాష్ట్రంలోని ఇసుకదిబ్బల ప్రాంతంలో చెట్లు లేవు, గట్టి మన్నూ లేదు. గడ్డిని బేళ్లుగా కట్టే యంత్రాలు వచ్చాక, 19వ శతాబ్దం చివర అక్కడివారు ఆ బేళ్లనే ఇటుకల్లా పేర్చి ఇళ్లు కట్టారు. ఆర్థర్ అనే ఊరిలో 1928లో ఇలా కట్టిన చర్చి నేటికీ నిలిచి ఉంది. పొడి వాతావరణం దానికి కలిసివచ్చింది. మట్టి కంటె గడ్డి చెమ్మకు త్వరగా లొంగుతుంది. అది బూజుకు తిండి కూడా. అందుకే అమెరికా గృహనిర్మాణ నియమావళి అనుబంధం, పూత వేసేనాటికి బేలు బరువులో తేమ 20 శాతానికి మించకూడదని, గోడ నేలకు కనీసం 8 అంగుళాల ఎత్తున మొదలవ్వాలని నిర్దేశిస్తుంది. కొలిచే పరికరం లేకపోయినా, వామిలో చేయిపెట్టి వెచ్చదనాన్ని, ముక్కవాసనను పసిగట్టగల రైతుకు తడిగడ్డిని గుర్తించడం తెలుసు. కోస్తాలో వరిగడ్డితో ఈ ప్రయోగం చేయదలచినవారు సంక్రాంతి తరువాత మొదలుపెట్టి ముసురులోపు కప్పు పూర్తిచేయడం క్షేమం.

5. చూరు, అరుగు, చవుడు:
ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టింట్లో గుండ్రని మట్టిగోడ మీద తాటాకు కప్పు దాదాపు నేలదాకా దిగుతుంది. గాలివానలో జల్లు గోడకు అందదు. వీచే గాలికి గోడ ఆరుతూనే ఉంటుంది. ఆ కప్పును తీసి, చూరు లేని రేకులు వేసినప్పుడు అదే గోడ రెండు మూడు వానాకాలాలు కూడా నిలవదు. తప్పు మట్టిది కాదు.

రాయలసీమ మట్టిమిద్దె వేరే తర్కం మీద నిలుస్తుంది. దూలాలు, వాటిమీద చెక్కలు లేదా బండలు, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చవుడు. పొలానికి పనికిరాని చవుటినేల మన్ను మిద్దెకు ఎందుకు పనికివస్తుందన్నదానికి సమాధానం రసాయనశాస్త్రంలో ఉంది. దానిలోని సోడియం తడి తగిలినప్పుడు బంకరేణువులను విడదీస్తుంది. అవి రంధ్రాల్లో కూరుకుని నీరు దిగకుండా మూస్తాయి. పంటకు శాపమైన గుణమే కప్పుకు రక్ష. అయితే ఏటా పాతదాని మీద కొత్త చవుడు పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. అరడుగు మందపు మట్టి పొడిగా ఉన్నప్పుడే చదరపు మీటరుకు 200 కిలోల పైన తూగుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. ఆ భారమంతా దూలం గోడలో కూర్చున్న చోట దిగుతుంది. ఆ చోట గోడ బయటివైపు సిమెంటు పూత ఉండి చెమ్మ నిలిచిందంటే, దూలం చివర పుచ్చిపోతుంది, దాని కింది మన్ను మెత్తబడుతుంది. మధ్యలో దూలం ఎంత గట్టిగా కనిపించినా ప్రయోజనం లేదు. పాత మిద్దెల్లో వానలకు ముందు తట్టి, గుచ్చి చూడవలసినది ఈ చివరలనే. పూత డొల్లగా పలికితే అక్కడ విప్పి చూడాలి. పండగకు మరో దఫా రంగు వేసి కప్పకూడదు.

రంగుకు బదులు సున్నం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం సులువు. అది ఆవిరికి అడ్డుపడదు. కొత్తగా వేసినప్పుడు దాని క్షారగుణం బూజును ఎదగనివ్వదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి నెలల్లో ఆ క్షారగుణం తగ్గిపోతుంది కనుక మళ్లీ వేయవలసి వస్తుంది. వానలు వెళ్లి గోడ ఆరాక, సంక్రాంతి ముందు సున్నం కొట్టే ఆచారం ఈ అవసరానికి సరిగ్గా సరిపోయింది.

6. చల్లబరచిన గది:
పాత పద్ధతులు ఎదుర్కోని సమస్య ఒకటి ఉంది. చలిదేశాల్లో ఆవిరి వెచ్చని ఇంట్లోనుంచి బయటికి నడుస్తుంది. అక్కడి పుస్తకాల్లో సలహాలన్నీ దానికి తగ్గట్టు ఉంటాయి. విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో ఏసీ గదికి దిశ తిరగబడుతుంది. బయట 34 డిగ్రీల వేడి, 70 శాతం ఆర్ద్రత ఉన్న గాలిలోని ఆవిరి సుమారు 28 డిగ్రీల దగ్గరే నీటిచుక్కలుగా మారుతుంది. గది 24 డిగ్రీలలో ఉంటే, గోడ గుండా లోపలికి వచ్చే ఆవిరి లోపలి ప్లాస్టిక్ రంగు వెనుక ఆగి నీరవుతుంది. రంగు ఉబ్బుతుంది, దాని వెనుక నల్లని చుక్కలు పడతాయి. కప్పు కురుస్తోందని తాపీమేస్త్రీని పిలుస్తారు గాని, కప్పుకు దీనితో సంబంధం లేదు. ఇటువంటి గదిలో లోపలి ముఖాన్నే ముందుగా తెరిచి ఉంచాలి: మట్టిపూత గాని సున్నం గాని వేయాలి, బీరువాను గోడకు ఆనించకుండా బెత్తెడు ఎడం వదలాలి, ఏసీ ఉష్ణోగ్రతను 27 డిగ్రీలకు దగ్గరగా ఉంచుకోవాలి.