కణం చేత వైరస్‌ను తినిపించలేమా?

కణం తన చెత్తను తానే అరిగించుకుంటుంది. దీన్నే ఆటోఫజీ అంటారు. ఆ పనిని మందుతో పెంచితే వైరస్ కూడా చావదా అని చాలామంది అడుగుతున్నారు. ఏ వైరస్ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కణంలో పాడైన ప్రొటీన్ల చుట్టూ రెండు పొరల సంచి అల్లుకుంటుంది. అది వెళ్లి లైసోజోమ్‌లో కలుస్తుంది. అక్కడి ఆమ్లంలో, ఎంజైముల్లో సరుకంతా అరిగిపోతుంది. వైరస్ దొరికితే దానికీ అదే గతి. అందుకే హెర్పిస్ వైరస్ ఈ పనిని మొదలుపెట్టే బెక్లిన్-1 అనే ప్రొటీన్‌నే పట్టుకుని ఆపేస్తుంది. 2013లో అమెరికాలో బెత్ లెవీన్ బృందం ఆ బెక్లిన్ ముక్కతో, ఆటోఫజీని పెంచే ఒక పెప్టైడ్ తయారుచేసింది. అది ఇచ్చాక చికున్‌గున్యా సోకిన ఎలుక పిల్లల్లో చావులు తగ్గాయి. నాకు ఎక్కువ ఆశ కలిగించేది ఈ దారే.

డెంగీది మాత్రం వేరే లెక్క. అది ఆటోఫజీని తానే ఉసిగొల్పి, కణం దాచుకున్న కొవ్వును కరిగించి, ఆ శక్తితో పిల్లల్ని పెడుతుంది. ఇక్కడ పెంచే మందు వేస్తే శత్రువుకు మేత వేసినట్టే.

పోనీ, ఆపేసే మందు వాడితే? హైడ్రాక్సీక్లోరోక్విన్ అలాంటిదే. లైసోజోమ్‌లో ఆమ్లం తగ్గించి ఆటోఫజీని చివరి మెట్టు దగ్గర ఆపుతుంది. కోతి కిడ్నీ కణాల్లో కొవిడ్ వైరస్‌ను అడ్డుకుంది కూడా. ఆ కణాల్లోకి వైరస్ దూరాలంటే ఆమ్లం ఉన్న తిత్తుల గుండా రావాలి మరి! మన ఊపిరితిత్తుల కణాలకు పైపొర మీదే టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైము ఉంటుంది. దాని సాయంతో వైరస్ నేరుగా లోపలికి వస్తుంది, ఆమ్లంతో దానికి పనే లేదు. 2020లో మన ఐసీఎంఆర్ కూడా ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా ఈ మందు సూచించింది. అదే ఏడాది బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ జరిగింది. ఆసుపత్రిలో చేరిన కొవిడ్ రోగుల్లో ఈ మందు తీసుకున్నవారు 28 రోజుల్లో నూటికి 27 మంది, మామూలు చికిత్స పొందినవారు 25 మంది చనిపోయారు. మందు వల్ల మేలేమీ కనబడలేదు.

ఉపవాసంతో ఆటోఫజీ పెరుగుతుందట, జ్వరంలో లంఖణం ఉండొచ్చా? ఆకలితో అది పెరగడం జంతువుల్లో స్పష్టంగా కనబడింది. డెంగీలో మాత్రం రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారుతుంది, బీపీ పడిపోవచ్చు. తిండి సయించకపోయినా ఓఆర్ఎస్, గంజి, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తాగిస్తూనే ఉండాలి. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.