పెరుగుచున్న నగరమునకు పచ్చని చోట్లు

నగరము పెరుగునప్పుడు ముందుగా రోడ్లు వచ్చును. వెనుక ఇండ్లు, ఆ వెనుక నీళ్ల గొట్టములు, దీపస్తంభములు వచ్చును. తోట మాట అన్నిటికంటె చివరకు వచ్చును. అప్పటికి స్థలము మిగిలియుండదు. మిగిలినను దాని వెల పురపాలక సంఘమునకు అందదు. ఈ వరుసను తలక్రిందులు చేసి, తోటలకును నడకదారులకును కావలసిన నేలను ఇండ్ల కంటె ముందుగనే గుర్తించి కాపాడుకొనుటకే ఉద్యాన ప్రణాళిక యని పేరు. వినుటకు ఇది సామాన్యమైన మాటయే. ఆచరణలో ఎంత కష్టమో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. హైదరాబాదు చరిత్ర చాలును.

1591లో నెలకొల్పబడిన ఈ నగరమును 17వ శతాబ్దిలో చూచిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే దీనిని బాగ్‌నగర్ అని వ్రాసెను. బషీర్‌బాగ్, కిషన్‌బాగ్, రాంబాగ్, సీతారాంబాగ్, బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట — బస్సు మీది పలకలు చదివినచో నేటికిని తోటల జాబితా చదివినట్లే యుండును. తోటలు మాత్రము చాలవఱకు లేవు. వానిలో పెక్కులు ప్రభువులకో, జాగీర్దారులకో, ధనికులకో చెందిన స్వంత తోటలు. ఆస్తి పంపకములు జరిగినప్పుడు తోట ముక్కలయ్యెను, ముక్కలు స్థలములయ్యెను, స్థలములు మేడలయ్యెను. దీనికి ఎవరిని నిందింపగలము? తోట యజమానిదే కదా! ప్రజలందఱి కొఱకని నిర్ణయింపబడిన నాంపల్లిలోని బాగె ఆం, అనగా పబ్లిక్ గార్డెన్స్, మాత్రము నిలిచినది. అదియు చెక్కుచెదరక నిలిచినదని చెప్పలేము. శాసనసభ, జూబిలీ హాలు, వస్తుప్రదర్శనశాల, మరికొన్ని భవనములు దానిలోనే వెలసినవి. తోటలో ఖాళీ కనబడిన వెంటనే అచ్చట నొక భవనము కట్టవలెనని తోచుట ప్రభుత్వములకు పాతకాలపు అలవాటు.

ఇక నది సంగతి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసెను. సుమారు 15 వేలమంది మరణించిరని అంచనా. ఆనాడు అఫ్జల్‌గంజ్ వద్ద నదీతీరపు తోటలోని చింతచెట్టు నెక్కి దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో ఇప్పటికిని ఉన్నది. నదీతీరమున తోట యెందుకని అడుగువారికి ఆ చెట్టును చూపవచ్చును.

మరుసటి యేట నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. నగరమునకు ఎగువన వరదను ఆపి మెల్లగా వదలుటకు మూసీ మీదను, ఈసీ మీదను జలాశయములు కట్టవలెనని ఆయన సూచించిరి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. నగరములోని నదీతీరములను తీర్చి తోటలు, విహారమార్గములు ఏర్పఱచవలెననుటయు ఆయన ఆలోచనలలో నుండెను. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము కొంత పని చేసెను. కాని జలాశయములు ఇచ్చిన భద్రతయే తరువాతి తరముల వారిని ఏమఱుపాటున పడవేసినది. నదికి ఇక కోపము రాదని నమ్మి, నీరు పారని నెలలలో ఎండిన నదీగర్భమును ఖాళీ స్థలముగా ఎంచిరి. 1994లో మహాత్మాగాంధీ బస్సు స్టేషను నదీగర్భములో ఇమ్లీబన్ అనుచోట నెలకొనెను. ఇమ్లీబన్ అనగా చింతతోపు. 2025 సెప్టెంబరు చివర జలాశయముల తలుపులు ఎత్తగా మూసీ ఆ బస్సు స్టేషనులోనికి ప్రవేశించెను. ప్రయాణికులను రక్షణ సిబ్బంది బయటికి చేర్పవలసి వచ్చినది. తోపు ఉన్నచోట వరద వచ్చినచో చెట్లు తడియును. రెండు రోజులకు నీరు తీయును. బస్సు స్టేషను ఉన్నచోట వచ్చినచో జరుగునది వేఱు.

కావున ఉద్యానమనగా పూలమొక్కలు, సిమెంటు బల్లలు, రంగురంగుల నీటిచిమ్ములు మాత్రమే యని తలంపరాదు. వరదకు విశాలముగా పరచుకొనుటకు చోటిచ్చునది, ఎండకు నేలను చల్లబఱచునది, వాననీటిని భూమిలోనికి దింపునది — ఇట్టి పనులు చేయు భూమిని నగరము తన అవసరము కొఱకు ఉంచుకొనుటయే ఉద్యానము. విహారము దాని రెండవ ఉపయోగము.

దక్కనులో ఈ పనికి పునాది మన పెద్దలు వేసియే యున్నారు. ఇచ్చటి చెఱువులు గొలుసుకట్టు చెఱువులు. పై చెఱువు నిండి అలుగు పారగా ఆ నీరు కాలువ వెంట క్రింది చెఱువునకు చేరును. అది నిండగా మఱియొకదానికి. 1562 ప్రాంతమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలములో హుస్సేన్ షా వలీ కట్టించిన హుస్సేన్‌సాగర్ మొదలు, ఒక్కొక్క పల్లెకును ఉండిన కుంట వఱకు, ఈ ఏర్పాటు నేలవాలును బట్టి సాగినది. పల్లెలు పేటలైనవి, కాలువలు నాలాలైనవి, నాలాలు మురికిగుంటలైనవి. 2020 అక్టోబరులో కుండపోతగా వాన కురిసినప్పుడు కట్టలు తెగి, కాలనీలు మునిగి, అనేకులు ప్రాణములు కోల్పోయిరి. నీరు తన పాతదారినే వచ్చినది, దారిలో ఇండ్లున్నవి.

ఈ నీటిదారియే నగరమునకు నడకదారి కాగలదని మేము చెప్పదలచినది. 2012 నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము, 10 హెక్టార్లు అంతకు మించిన చెఱువు పూర్తి నీటిమట్టపు అంచు నుండి 30 మీటర్ల వఱకును, అంతకు చిన్న చెఱువులకు 9 మీటర్ల వఱకును ఏ కట్టడమును కట్టరాదు. 10 మీటర్లకు మించిన వెడల్పు గల నాలాకు 9 మీటర్లు విడువవలెను. సరిగా 10 హెక్టార్ల గుండ్రని చెఱువును తలంచుకొందము. దాని చుట్టుకొలత కిలోమీటరునకు కొంచెము పైన. దాని చుట్టును 30 మీటర్లు విడిచిన చిక్కు భూమి సుమారు 9 ఎకరములు. ఆ 9 ఎకరములను ప్రభుత్వము క్రొత్తగా వెదకనక్కఱలేదు. కట్టడము వద్దని చట్టమే చెప్పినది. కావలసినది హద్దురాళ్లు పాతి, చెట్లు నాటి, మనుష్యులు నడచునట్లు చేయుట. జనులు నిత్యము నడచుచోట ఆక్రమణ రాత్రికి రాత్రి జరుగదు. నడచువారి కన్నే కాపలా.

నాలా వెంబడి 9 మీటర్లలో మూడు మీటర్లు బాటకు చాలును. దానికి రెండు ప్రక్కల కానుగ, వేప వంటి నీడచెట్లు. నీటివైపున గడ్డి పెరిగిన ఏటవాలు. ఒకటి మాత్రము మఱువరాదు. నాలాలో మురుగు పారుచుండగా ప్రక్కన ఎంత చక్కని బాట వేసినను ముక్కు మూసికొని ఎవరును నడువరు. అమెరికాలోని బోస్టన్ నగరములో బ్యాక్ బే అను బురదనేల ఒకప్పుడు ఇట్లే దుర్గంధముతో నిండియుండెను. 1878 తరువాతి సంవత్సరములలో ఫ్రెడరిక్ లా ఓంస్టెడ్ అను ఉద్యాన నిర్మాత అచ్చట మొదట చేసినది పూలపాన్పులు కాదు. మురుగును వేఱు గొట్టములలోనికి మళ్లించి, వరదనీటికి మడుగు ఏర్పఱచుట. ఆ మడుగు చుట్టు పెరిగిన పచ్చదనమే తోటయైనది. అటువంటి తోటలను బాటలతో కూర్పగా ఏడు మైళ్ల హారము ఏర్పడినది.

చెఱువుల నగరమునకు మంచి పోలిక మినియాపొలిస్. అచ్చట 1880లో 47 వేలలోపు జనులుండిరి. 1890 నాటికి 1 లక్ష 64 వేలు దాటిరి. ఆ పెరుగుదల నడుమ, 1883లో హోరేస్ క్లీవ్‌లాండ్ అను ఆయన ఉద్యానముల సంఘము వారికొక ప్రణాళిక సమర్పించెను. నగరము పదిలక్షల జనముతో నిండునాటిని ముందే ఊహించుకొని, భూమి చవుకగా నున్నప్పుడే చెఱువుల ఒడ్డులను, వాగుల తీరములను కొనుడని ఆయన హితవు. సంఘము వారు కొనిరి. ఆ ఊరిలో నేడు చెఱువుల ఒడ్డులు చాలవఱకు ప్రజల సొత్తు. వానిని కలుపుచు సుమారు 50 మైళ్ల దారి తిరుగుచున్నది. ఆనాడు ఆ ఖర్చు దుబారా యన్నవారును ఉండిరి. దుబారా యనువారు ప్రతి ఊరిలోను ఉందురు. స్థలము పోయిన తరువాత మాత్రము కనబడరు.

ఎంత పచ్చదనము కావలెను? మన దేశపు నగర ప్రణాళికా మార్గదర్శకములు 2014లో తలకు 10 నుండి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలము ఉండవలెనని సూచించినవి. లెక్క వేసి చూతము. లక్షమందికి తక్కువలో తక్కువ ఒక చదరపు కిలోమీటరు, అనగా సుమారు 247 ఎకరములు. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము సుమారు 390 ఎకరములు. ఈ లెక్కన అది లక్షన్నర మందికి సరిపోవును. 2011 జనగణనలో మహానగర పాలక సంస్థ పరిధిలో 67 లక్షలకు పైగా జనులుండిరి. వారికి 67 చదరపు కిలోమీటర్లు కావలెను. అప్పటి నగర వైశాల్యము సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అనగా పదింట ఒక వంతు. లేఅవుట్లలో నూటికి పది వంతులు తోటకు విడువవలెనను నియమము కూడ ఇంచుమించు ఇదే లెక్కకు వచ్చుట గమనింపదగినది. నియమము తప్పు కాదు. దానిని పాటింపకపోవుటయే తప్పు.

అయితే మొత్తపు లెక్క మనలను మోసపుచ్చును. ఊరి అంచున వేయి ఎకరముల అడవి యున్నది గాన మాకు పచ్చదనము కొదువ లేదని అధికారులు చెప్పవచ్చును. ఐదేండ్ల పిల్లవాడు, మోకాళ్ల నొప్పుల ముసలమ్మ అక్కడికి పోగలరా? ఇంటి నుండి ఐదు నిమిషముల నడకలో, అనగా 400 మీటర్లలోపల, చిన్నదైనను ఒక తోట ఉండవలెనని ప్రణాళికావేత్తలు చెప్పుదురు. ఇందులో ద్వారముల సంగతి ఒకటి కలదు. దానిని ఎవరును పట్టించుకొనరు. తోటకు చుట్టును ఎత్తైన గోడ కట్టి ఒక్కటే ద్వారము పెట్టినచో, గోడకు ఆవలి వీధివారు చెట్లు కనుల ముందే కనబడుచుండగా కిలోమీటరు చుట్టి రావలసి వచ్చును. నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు పెట్టిన, ఒక్క గజము భూమి కొనకుండనే ఆ తోట పెద్దదైనట్లు. అట్లే ఉదయము తొమ్మిదికి తాళము వేసి సాయంకాలము తీయు తోట కూలివారికి, ఎండలో నిలిచి బండ్లు నడుపువారికి దక్కదు. నీడ వారికి కావలసినది మధ్యాహ్నముననే. దీపములు, మరుగుదొడ్డి, నాలుగు వైపుల నుండి కనబడునట్లున్న బాట — ఇవి లేనిచోటికి ఆడువారు సందె వేళ రారు. బతుకమ్మ నాడు నీటి వఱకు దిగుటకు మెట్లు లేని చెఱువును ఎంత సొగసు చేసినను ఆ పేటవారికి అది పరాయిదే.

సొగసు మాట వచ్చినది గనుక ఒక మాట. చెఱువు చుట్టును సిమెంటు గోడ కట్టి, పలకలు పరచి, దానిని సుందరీకరణ మనుట వాడుకయైనది. అలుగు మూసి, నీరు వచ్చు కాలువ త్రెంచిన పిమ్మట మిగులునది చెఱువు కాదు, గిన్నె. మట్టికట్ట మీద చెట్ల నీడలో వేసిన మొరము బాట ఖర్చు తక్కువ, కాళ్లకు హాయి, వాననీరు ఇంకును. ఫోటోలో మాత్రము అంత బాగుండదు. అందుకే కాబోలు దానిని కోరువారు తక్కువ.

దూరపు దారులలో కూడ నీడయే ముఖ్యము. 2023 అక్టోబరులో వలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను ప్రారంభించిరి. దాని పైకప్పుగా సౌరఫలకములు అమర్చుటచే క్రింద నీడ, పైన విద్యుత్తు లభించుచున్నవి. ఆలోచన మెచ్చదగినది. కాని పేట నుండి ఆ బాట వఱకు సైకిలుపై క్షేమముగా పోవు దారి లేనిచో, సైకిలును కారుకు కట్టి తెచ్చుకొనగలవారికే అది విహారస్థలమగును. చిన్న దారులు పెద్ద దారిని చేరిననే అది దారుల అల్లిక యగును.

ఉన్నదానిని నిలుపుకొనుట క్రొత్తది సంపాదించుటకంటె సులభమని యనుకొందుము. అది నిజము కాదు. 2016లో కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము చుట్టు రహదారులు వెడల్పు చేసి వంతెనలు కట్టుటకు వేలకొలది చెట్లు కొట్టవలసివచ్చునని తెలిసి నడకకు వచ్చువారే ఆందోళన చేసిరి. వ్యవహారము హరిత న్యాయస్థానమునకు పోయెను. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచె గచ్చిబౌలిలో 400 ఎకరముల వివాదమున, ఏప్రిల్ మొదటివారములో సుప్రీం కోర్టు చెట్ల నరికివేతను నిలిపివేసినది. ఈ రెండు సందర్భములలోను ఒక వంక ఉద్యోగములు, రాకపోకల ఇబ్బందులు, మఱియొక వంక చెట్లు చూపబడినవి. ఆ యిబ్బందులు కల్పితములు కావు. కాని ప్రణాళిక ముందే యున్నచో ఇట్టి తగవు గొడ్డలి ఎత్తిన తరువాత రాదు. పటము గీయునప్పుడే వచ్చి తీరును.

హైదరాబాదునకు ఆలస్యమైనను, ఇప్పుడిప్పుడే పెరుగుచున్న ఊళ్లు మన రెండు రాష్ట్రములలో ఎన్నియో కలవు. వాని చుట్టు నిన్నటి చేలు నేడు ప్లాట్లగుచున్నవి. ప్రతి లేఅవుట్‌లోను విడిచిన పదవ వంతు ఎక్కడో మూలన, ఎవరును కొనని వంకర స్థలములో పడుచున్నది. ప్రక్క ప్రక్క లేఅవుట్ల పదవ వంతులను వాగు వెంబడి వరుసగా కలుపుడని మంజూరు చేయువారు కోరినచో, పది ముక్కలు ఒక పొడుగాటి తోటయగును. దానిలోనే బాట పడును. ఊరి ప్రధాన ప్రణాళికను తుదిగా ఆమోదించుటకు ముందు ముసాయిదా పటమును ప్రకటించి ఆక్షేపణలు కోరుదురు. మీ ఊరి పటము వచ్చినప్పుడు పోయి చూడుడు. మీ ఇంటి స్థలము కనుగొనిన పిమ్మట, దానికి దగ్గఱలోని ఆకుపచ్చ రంగు ఎచ్చటనున్నదో వెదకుడు. అచ్చటికి నడచి పోవుటకు దారి గీసిరా, పాత వాగును వాగుగానే చూపిరా యని అడుగుడు. సర్వే పటములు మీ ఊరి పెద్దలకు తెలియును. వాగు పేరు వారినడిగి, ఆక్షేపణ పత్రములో పేరుతో సహా వ్రాయుడు.