అడవిలో స్కౌటుల విడిది – చలిజ్వరము రాకుండ జాగ్రత్తలు

శనివారము ఉదయము బయలుదేరి ఆదివారము సాయంకాలమునకు ఇల్లు చేరు స్కౌటుల విడిదికి మాస్టరుగారు సాధారణముగా రెండు దినముల ఏర్పాట్లు చేయుదురు. గుడారములు, బియ్యము, పప్పు, తాళ్లు, బండి కిరాయి అన్నియు ఆ రెండు దినములకే లెక్క. బస్తరు అడవులలో విడిది చేయువారికి ఈ లెక్క చాలదు. అచట దోమ కుట్టిన బాలునికి జ్వరము విడిదిలో రాదు. ఇంటికి వచ్చి, బడికి పోవుచున్న రెండవ వారములో వచ్చును. అందుచేత ఏర్పాట్లు నెల దినములకు చేయవలెను.

భద్రాచలము నుండి కుంట, సుక్మాల మీదుగా జగదల్‌పూరు పోవు రహదారి తెలుగు బాలురకు బస్తరు ద్వారము వంటిది. నడుమ దోర్నపాలు వద్ద ఒక రోడ్డు చీలి జగర్గుండాకు పోవును. ఘర్షణల కారణముగా 2006లో మూతపడిన జగర్గుండా బడి 2019లో మరల తెరువబడినది. అదే రహదారిమీద, జగదల్‌పూరు చేరకముందే, 1982లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాంగేరు లోయ యున్నది. తీర్థగఢ్ జలపాతము, కోటుంసర్ గుహ అచటనే కలవు. చూడదగిన సీమయే, కాని చలిజ్వరమునకు, అనగా మలేరియాకు, దేశములో పేరుపడిన సీమలలో ఇదియు ఒకటి.

ఈ వ్యాధిని దోమ మోయునని రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులోనే కనుగొనెను. అయినను ఒక పొరపాటు నేటికిని పోలేదు. మురుగు లేనిచోట దోమ లేదని పెక్కురు తలంతురు. మలేరియా దోమ మురుగు కోరదు. మెల్లగా పారు సెలయేటి అంచున, గడ్డి మునిగిన తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. స్కౌటులు గుడారమునకు ముచ్చటపడి ఎన్నుకొను చోటు సరిగా అదియే! వాగునకు దూరముగా, గాలి ఆడు మెరకమీద గుడారములు వేయవలెను. నీరు మోసికొని వచ్చుట బాలురకు మంచి వ్యాయామమే. ఆ నీరు వాగుదైనను, ఇసుకలో తీసిన చెలమదైనను, తెర్లకాచి చల్లార్చియే త్రాగవలెను. ఉద్యానములో అటవీశాఖవారు అనుమతించిన చోటనే రాత్రి బస చేయవలెను. వానకాలములోను, వానలు వెలిసిన తరువాత రెండు నెలలును విడిది పెట్టుకొనకుండుట మేలు. చలికాలమున ప్రమాదము తగ్గునే గాని పోదు; వాగులు పారుచునే యుండును.

మలేరియా దోమ ప్రొద్దుగ్రుంకినది మొదలు తెల్లవారువరకు కుట్టును. క్యాంప్‌ఫైరు చుట్టు పాటలు పాడు వేళ అదియే. స్కౌటు నిక్కరు గౌరవప్రదమైన దుస్తే కాని, దీపాలు పెట్టు వేళకు దానిని విడిచి పొడుగు పంట్లాము, పొడుగు చేతుల చొక్కా, మేజోళ్లు తొడుగుకొనవలెను. మంట పొగను నమ్ముకొనరాదు. దోమతెరలను చీకటి పడకముందే కట్టి, అంచులను చాపల క్రిందికి దోపవలెను. మందు పట్టించిన తెరలైనచో మరింత మేలు. బయలుదేరకముందు ప్రతి తెరను ఎండకు పట్టి చిరుగులు చూచు పని జట్టు నాయకులకు అప్పగించవచ్చును. నివారణ మాత్రలు వాడదగునా అను విషయము ముందుగానే డాక్టరు నడుగవలెను. కొన్ని మాత్రలు ప్రయాణమునకు ముందే మొదలుపెట్టి, తిరిగి వచ్చిన పిదప నాలుగు వారములు మ్రింగవలసి యుండును.

ఇచట ఒక సంగతి తెలిసికొనవలెను. 2020లో ఆరంభమైన మలేరియా నిర్మూలన ఉద్యమములో బస్తరు ప్రాంతపు ప్రజలకు ఇంటింట రక్తపరీక్షలు చేయగా, క్రిమి కనబడినవారిలో సగమునకు పైగా జ్వరమే లేనివారు. మాటిమాటికి వ్యాధి సోకుటచే వారి శరీరము కొంత తట్టుకొన నేర్చినది. "ఈ ఊరివారందరు కులాసాగానే యున్నారు గదా" యని మాస్టరుగారు ధైర్యపడుట తగదు. వారిని కుట్టిన దోమయే పట్టణపు బాలుని కుట్టును. అతని కా శక్తి లేదు. ఫాల్సిపారం రకపు క్రిమియైనచో చికిత్స ఆలస్యమైన కొలది మెదడునకు, మూత్రపిండములకు ముప్పు కలిగి ప్రాణాపాయము కూడ రావచ్చును.

కాబట్టి మాస్టరుగారు విడిదికి వచ్చిన బాలుర పేర్లు, తల్లిదండ్రుల చిరునామాలు వ్రాసికొని, తిరిగి వచ్చిన పిదప నెల దినములు వారము వారము విచారించవలెను. జ్వరము, చలి, తలనొప్పి, వాంతులు – వీనిలో ఏది కనబడినను 24 గంటలలోగా రక్తపరీక్ష చేయింపవలెను. వేలి నుండి ఒక చుక్క రక్తము తీసి సుమారు ఇరువది నిమిషములలో ఫలితము చెప్పు పరీక్ష ఆరోగ్య కేంద్రములందు ఉచితము. బస్తరు పల్లెలలో మితానిన్ అను ఆరోగ్య కార్యకర్తయు ఈ పరీక్ష చేయగలదు. డాక్టరు అడుగకపోయినను "మావాడు ఫలానా తేదీని బస్తరు అడవిలో పడుకొన్నాడు" అని తల్లిదండ్రులే చెప్పవలెను. ఆ ఒక్క మాట లేనిచో ఊరి జ్వరముగానే ఎంచి రెండు దినములు పోగొట్టుదురు.

మలేరియా యని తేలినచో డాక్టరిచ్చిన మందు పూర్తిగా వాడవలెను. ఫాల్సిపారమునకు మూడు దినముల చికిత్స. వైవాక్స్ రకమునకు ప్రైమాక్విన్ పదునాలుగు దినములు. మొదటి మాత్రతో జ్వరము దిగినదని తక్కినవి మానరాదు. వైవాక్స్ క్రిమి కాలేయములో దాగి, నెలలు గడిచిన పిదప కూడ జ్వరము తేగలదు. అందుచే మాస్టరుగారు ఆ పేర్ల పట్టికను మరుసటి విడిదివరకు దాచియుంచుట మంచిది.