చమురు వెలయు మెట్టసీమ శ్రామికుడును

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగమున, ఉదయగిరి దుర్గమునకు తూర్పుగా, వానదేవుని దయపై ఆధారపడిన మెట్టనేలల నడుమ నున్న దుత్తలూరు మండలమున చమురు బావి యొక్కటియు లేదు. అయినను ప్రపంచ విపణిలో చమురు వెల హెచ్చినను తగ్గినను ఆ మార్పు ఈ మండలపు కూలివాని గడపకు రెండు త్రోవల వచ్చి చేరుచుండును. ట్రాక్టరు బాడుగ, లారీ కిరాయి, ఎరువు బస్తా, వంటగ్యాసు బండ వీని ధరల రూపమున వచ్చునది మొదటి త్రోవ. ఇల్లు విడిచి కువైటునకో, సౌదీ అరేబియాకో, దుబాయికో పోయిన మనుష్యుడు పంపు సొమ్ము రూపమున వచ్చునది రెండవ త్రోవ. ఈ రెండింటిని కలిపి చూచినగాని ఆర్థిక మాంద్యము శ్రామికుని ఎట్లు తాకునో మనకు బోధపడదు. అట్లు చూచినవారికి మరియొక సత్యము గూడ గోచరించును: వెలలు మారుట మన చేతిలో లేకపోయినను, ఆ మార్పు భారము ఎవరి వీపుపై పడవలెనన్నది మనుష్యులు చేసిన ఏర్పాటులను బట్టియే నిర్ణయమగుచున్నది.

దుత్తలూరు నేల సంగతి మొదట చెప్పవలెను. ఆత్మకూరు ప్రాంతమున పెన్నపై సోమశిల జలాశయము వెలసినను, దాని నీటితో పండుచున్నవి దిగువ మాగాణులేగాని ఈ ఎగువ మెట్టలు కావు. కంది, మినుము, పొగాకు వంటి పైరులు వానలను, బోర్లను నమ్ముకొని యున్నవి. ఈశాన్య ఋతుపవనము మొగము చాటు చేసిన యేడు చేను బీడగును. చేనితోబాటు కూలియు పోవును. అట్టి యేడులు వరుసగా వచ్చినప్పుడు బేల్దారి పనికై చెన్నపట్టణమునకో బెంగుళూరునకో హైదరాబాదునకో పోవుటయు, కొందరు స్త్రీలును పురుషులును వీసా సంపాదించుకొని సముద్రము దాటుటయు ఉదయగిరి, ఆత్మకూరు సీమలవారికి క్రొత్త గాదు. పొరుగున నున్న నాటి కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి ప్రాంతములు కువైటు వలసకు పేరుమోసినవి. ఆ జిల్లాకును ఈ సీమకును నడుమ నున్న కొండల కావల కుదిరిన ఈ వాడుక కొండల కీవలకును ప్రాకినది.

ఈ వలసకు మూలము 1973వ సంవత్సరమున నున్నది. ఆ యేడు అక్టోబరు నెలలో అరబ్బులకును ఇజ్రాయేలునకును యుద్ధము సాగుచుండగా, అరబ్బు దేశములు చమురు సరఫరాను బిగించినవి. బ్యారెలు సుమారు 3 డాలర్లకు అమ్ముడుపోవుచుండిన ముడిచమురు కొలది మాసములలోనే 12 డాలర్ల చేరువకు ఎగబ్రాకెను. భారతదేశమున 1974–75లో ధరల పెరుగుదల నూటికి 25 పాళ్లకు చేరెను. బ్రదుకు బరువై జీతములు చాలక రైల్వే కార్మికులు 1974 మే నెలలో దేశమంతట సమ్మె కట్టిరి. మన వంటిండ్లలో కన్నీరు దెచ్చిన ఆ వెలయే గల్ఫు దేశములకు అంతకుముందెన్నడును ఎరుగని సంపదను తెచ్చిపెట్టెను. రోడ్లు, ఓడరేవులు, ఆసుపత్రులు, భవనములు ఒక్కుమ్మడి తలపెట్టిన ఆ దేశములకు సొంత జనము తక్కువ గనుక పరాయి చేతులు కావలసివచ్చెను. మలయాళీలతోబాటు కడప, నెల్లూరు, గోదావరి జిల్లాలవారును, తెలంగాణమున కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములవారును ఆ పిలుపునందుకొనిరి. ఒక్క వెల ఇక్కడ పనిని తీసివేసి అక్కడ పనిని సృష్టించినది. ఆ రెంటి నడుమనున్న సముద్రమును దాటు కష్టము మాత్రము కూలివాని వంతయ్యెను.

చమురు వెల హెచ్చిన కాలమున ఊరి కూలి ఎట్లు తరుగునో దగ్గరగా చూడుడు. మనదేశము తనకు కావలసిన ముడిచమురులో నూటికి 80 పాళ్లకు మించి విదేశములనుండియే కొనుచున్నది గనుక వెల హెచ్చుట యనగా దేశపు సంపాదనలో ఒక భాగము వెలుపలికి పోవుటయే. దుత్తలూరు రైతు విషయమున అది ట్రాక్టరు బాడుగగా కనబడును. దున్నకుండ చేను వేయుటకు వీలులేదు. కోసిన పంటను బండి కెక్కింపక అమ్ముటకును వీలులేదు. కాని రెండవ కలుపునకు పదిమందిని పిలువవలసినచోట ఆరుగురితో సరిపెట్టుకొనుటకు వీలున్నది. ఈ విధముగ బంకులో పెరిగిన డీజిలు రూపాయి అనేకుల చేతులు మారి, చివరకు కలుపు తీయు స్త్రీ పనిదినములలో తరుగై తేలును. ఆమెను ఎవ్వరును పనినుండి తొలగింపలేదు, ఏ పట్టికలోను ఆమె నిరుద్యోగిగా చేరలేదు. పిలుపు రాలేదు, అంతే. పేదవాడు ఊరక కూర్చుండలేడు గనుక సగము కూలికైనను ఏదో యొక పనిలో తలదూర్చును. అందుచేత మనవంటి దేశమున మాంద్యమును నిరుద్యోగుల సంఖ్యతో కొలిచినచో సగము నిజము మరుగుపడును. తగ్గిన పనిదినములతోను, నిలిచిపోయిన కూలిరేటుతోను కొలువవలెను.

రెండు త్రోవలనుండియు ఒక్కసారిగ దెబ్బ తగిలిన కాలము 1990. ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించెను. జూలైలో 20 డాలర్లకు లోబడియున్న బ్యారెలు అక్టోబరు నాటికి 40 డాలర్లు దాటెను. కువైటులోని భారతీయులు లక్షకు పైబడినవారు కట్టుబట్టలతో ఎడారి దారిన జోర్డాను చేరగా, ఎయిరిండియా విమానములు అమ్మాను నగరమునుండి వారాల తరబడి వారిని బొంబాయికి చేర్చెను. ఏండ్ల తరబడి కూడబెట్టిన దీనారులు ఆ దినములలో చెల్లని కాగితములయ్యెను. కూలివారు పంపు సొమ్ము నిలిచిపోవుటయు, చమురు బిల్లు పెరుగుటయు కలిసి, అదివరకే అప్పులతో కుంగియున్న దేశపు విదేశీ మారక నిల్వలను ఇంకించివేయగా, 1991లో బంగారమును పరదేశమునకు పంపి తాకట్టు పెట్టవలసిన దుర్గతి పట్టెను. ఊరి వీధులలో అనామకుడైన కువైటు కూలి ఈ దేశపు ధనాగారమునకు ఎంతటి ఆధారమో అప్పుడు ఏలినవారికి తెలిసివచ్చెను.

ఆ విపత్తు చరిత్రలో స్మరింపదగిన న్యాయకార్య మొకటి కలదు. ఐక్యరాజ్యసమితి 1991లో జెనీవా నగరమున నష్టపరిహార సంఘము నొకటి నెలకొల్పి, ఇరాకు అమ్ముకొను చమురు రాబడిలో నియత భాగమును అందులకు కేటాయించెను. కువైటు విడిచి పోవలసి వచ్చిన వ్యక్తికి కనిష్ఠముగ 2,500 డాలర్ల పరిహారము నిర్ణయమయ్యెను. ప్రభుత్వముల, పెద్ద సంస్థల కోరికలకంటె సామాన్యుల కోరికలు ముందు పరిశీలింపబడెను. చమురు సంపదలోనుండియే చమురు సంక్షోభబాధితుడైన పనివానికి భాగమియ్యవచ్చునని ప్రపంచమంతయు ఒప్పుకొన్న సందర్భమది. ఆ సూత్రము యుద్ధమునకు చెల్లినప్పుడు మాంద్యమునకు ఏల చెల్లరాదు?

ఇక చమురు వెల పడిపోవునప్పుడు జరుగునది వేరు. ఆ పతనము తరచు మాంద్యముతో ముడిపడి యుండును. ఉత్పత్తి, వ్యాపారము, కొనుగోళ్లు మాసముల తరబడి కుంగుటయే మాంద్యము. యజమాని సామాన్యముగ జీతపు మొత్తమును నేరుగా తగ్గింపడు. మొదట క్రొత్తవారిని తీసికొనుట మానును; పిదప ఓవర్‌టైము నిలుపును; ఆపైన జీతము ఒక నెల, రెండు నెలలు వాయిదా వేయును; తుదకు పంపివేయును. కాగా మాంద్యమున మొదటి దెబ్బ అప్పుడే చదువు ముగించియో, అప్పుడే వీసా చేతబట్టియో పనికై నిలిచిన యువకునికి తగులును. తక్కువ జీతమునకు మొదలైనవాడు మంచికాలము వచ్చిన తరువాత గూడ పలు సంవత్సరములు వెనుకబడియే యుండును. మాంద్యము ముగిసెనని పత్రికలు వ్రాసిన చాలకాలమునకుగాని పనులు మరలి రావు.

2008 జూలైలో 147 డాలర్ల వరకు పెరిగిన బ్యారెలు ఆ యేటి తుదకు 40 డాలర్ల దిగువకు జారగా, దుబాయి నగరమున సగము లేచిన కట్టడములు అట్లే నిలిచిపోయెను. 2014 జూనులో 115 డాలర్లున్న వెల 2016 జనవరిలో 30 డాలర్లకు లోబడెను. ఆ యేడు సౌదీ అరేబియాలో నిర్మాణ సంస్థల జీతములు నెలల తరబడి నిలిచిపోగా, వేలకొలది భారతీయ శ్రామికులు శిబిరములలో తిండికి మొగము వాచిరి. జెడ్డాలోని మన కాన్సులేటు వారికి ఆహారపదార్థములు పంచవలసివచ్చెను. అయితే గల్ఫునందలి పనులన్నియు ఒక్కరీతిని కూలవు. కువైటులో మనవారు 18 నంబరు వీసా యనునది కంపెనీ పనికి సంబంధించినది. 20 నంబరు వీసా యింటిపనికి, కారు తోలుటకు సంబంధించినది. చమురు రాబడి తగ్గినపుడు ప్రభుత్వ నిర్మాణములు ముందు ఆగును గనుక కంపెనీ పనివాడు ముందు వీధిన పడును. ఉద్యోగము చేయు కువైటు పౌరులలో అధికులు సర్కారు కొలువులోని వారు గనుక వారి జీతములు సాగుచుండును, వారి ఇండ్లలోని ఖద్దామా (పనిమనిషి) పనియు సాగుచుండును. ఆ పనిలో కుదురున్నంత స్వేచ్ఛ లేదు. 2015లో కువైటు చేసిన చట్టము ఇంటిపనివారికి దినమునకు 12 గంటల గరిష్ఠ పరిమితిని, వారమున కొకనాడు సెలవును ప్రసాదించినను, గోడల నడుమ జరుగు పనిని తనిఖీ చేయుట సులభము గాదు. అకామా (నివాసపు అనుమతి) కఫీలు (వీసా ఇచ్చిన యజమాని) చేతిలో నుండుటచేత జీతమియ్యని యజమానిని విడిచిన క్షణమున పనివాడు చట్టవిరుద్ధుడగును. అట్టివానిని మనవారు 'కల్లివెల్లి' అందురు.

మాంద్యమును ఈ శ్రామికునకు ఘోరము చేయునది అప్పు. వీసాకై లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవానిని తలచుకొందము. నెలకు 2,000 రూపాయలు వడ్డీయే అగును. కువైటు ఇంటిపనికి 2016లో నిర్ణయించిన కనిష్ఠ వేతనము 60 దీనారులు, నేటి మారకమున 16,000 రూపాయలకు పైచిలుకు. జీతము సక్రమముగ వచ్చునంతకాలము ఈ లెక్క సాగును. ఆరు నెలలు జీతము ఆగినచో 12,000 రూపాయల వడ్డీ చేరును, ఇంటి ఖర్చునకు క్రొత్త అప్పు పుట్టును. తిరిగివచ్చుట యనగా ఆ అప్పు నడుమకు వచ్చుట గనుక అతడు ఎంత తక్కువ జీతమునకైనను, ఎంత కఠినమైన పనికైనను తలయొగ్గి అక్కడనే యుండును. పనివాని బేరమాడు శక్తిని హరించునది పని కొరత కొంత. అతని వెనుక నిలిచిన వడ్డీ అంతకు మించి.

2020లో కరోనా మహమ్మారి వేళ రెండు త్రోవలనుండియు మరల దెబ్బ తగిలెను. ఏప్రిలు 20వ తేదీన అమెరికా చమురు వెల సున్నకును దిగువకు పోయెను. అంతటి చౌకదనము దుత్తలూరు ట్రాక్టరును చేరలేదు. మే నెలలో కేంద్రము డీజిలుపై లీటరునకు 13 రూపాయల సుంకము పెంచెను. గల్ఫు పనులు పోయి వందేభారత్ విమానములలో జనులు తిరిగివచ్చిరి. ఆ సెప్టెంబరులో గల్ఫు ఉద్యోగములకు మన ప్రభుత్వమే నిర్ణయించు కనిష్ఠ వేతనములు 30 మొదలు 50 పాళ్ల వరకు తగ్గింపబడెను. వ్యాజ్యము తెలంగాణ హైకోర్టు వరకు పోయిన పిమ్మట 2021 జూలైలో ఆ తగ్గింపు ఉపసంహరింపబడెను. ఆ గడ్డు కాలమున మెట్టపల్లెలను నిలిపినది కరువు పని. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమై, మరుసటి యేడు నెల్లూరు జిల్లాకు విస్తరించిన ఆ ఉపాధి హామీ పథకము 2020–21లో దేశమంతట 389 కోట్ల పనిదినములు కల్పించెను. చెరువు పూడిక తీసిన ఆ కూలి, నగరములనుండియు గల్ఫునుండియు చేతులూపుకొని వచ్చినవారికి వారపు బియ్యమయ్యెను.

కువైటు రాజ్యము తన చమురు రాబడిని ముందు తరములకై దాచుటకు 1953లోనే పెట్టుబడి సంస్థ నొకటి స్థాపించుకొనెను. అందుచేతనే వెల పడినను అక్కడి పౌరుని జీతము ఆగదు. అదే వెల పడినపుడు ఆ పౌరుని యిల్లు కట్టిన బేల్దారికి అట్టి నిధి యేదియు లేదు. మన ప్రవాసీ బీమా మరణమునకును అంగవైకల్యమునకును పది లక్షల వరకు ఇచ్చును. ఎగవేయబడిన జీతమునకు ఇయ్యదు. వెల తగ్గిన కాలమున ప్రభుత్వములు సుంకమై రాబట్టుకొను సొమ్ములో ఒక పాలు ఇట్టివారికై నిలువ చేయుట అసాధ్యమైన కోరిక గాదు. వీసా అప్పును వడ్డీ వ్యాపారినుండి తప్పించి బ్యాంకునకు మార్చుట, రిక్రూటింగు ఏజెంటు తీసికొనదగిన 30,000 రూపాయల పరిమితిని నిజముగ అమలు జరుపుట, స్త్రీల వలసను రాష్ట్ర సంస్థయైన ఓంక్యాప్ ద్వారా సాగించుట, కరువు పనిని పనిలేని కాలమున పెంచుటకు ముందుగనే నిబంధన యుంచుట, ఇవన్నియు నేటి చట్టములతోను సంస్థలతోను చేయదగినవే. పోవువారు గూడ రిజిస్టరైన ఏజెంటు మూలముననే పోవలెను. ఒప్పందపు ప్రతి నొకటి ఇంటివద్ద విడువవలెను. చమురు వెల మరల పెరుగును, మరల పడును. దానిని దుత్తలూరులో ఎవ్వరును ఆపలేరు. ఆ వెల మారిన ప్రతిసారియు మొదట పస్తుండువాడు కలుపుకూలియు బేల్దారియు కావలెనన్న నియమమును మాత్రము మనము మార్చగలము, మార్చి తీరవలెను.