పగడం రాయా, మొక్కా?

మొన్న క్లాసులో ఇదే ప్రశ్న అడిగితే సగం మంది రాయి అన్నారు, సగం మంది మొక్క అన్నారు. పగడం జంతువండీ! పాలిప్ అనే చిన్న జీవులు సముద్రపు నీటిలోని కాల్షియంతో సున్నపు గూడు కట్టుకుంటాయి. మీ ఉంగరంలో ఉన్నదీ అలాంటి అస్థిపంజరమే. కొమ్మ విరిచి వేరేచోట అతికిస్తే మళ్లీ పెరుగుతుంది, మనం మందార కొమ్మ నాటినట్టు.

ఫ్లోరిడాలో కెన్ నెడిమయర్ అనే ఆయన అక్వేరియంల కోసం సముద్రంలో రాళ్లు ఉంచి, వాటిపై జీవులు పెరిగాక అమ్మేవారు. ఒకసారి వాటిమీద జింక కొమ్ముల్లాంటి స్టాగ్‌హార్న్ పగడాలు వాటంతటవే మొలిచాయి. అప్పటికే అక్కడ ఆ జాతి చాలావరకు పోయింది. కూతురి క్లబ్ ప్రాజెక్టు కోసం తండ్రీకూతుళ్లు వాటిని ముక్కలు చేసి పెంచారు. ఆ పనే పెరిగి 2007లో కోరల్ రెస్టొరేషన్ ఫౌండేషన్ అయింది. నీళ్లలో ప్లాస్టిక్ పైపుల 'చెట్లు' కట్టి, ముక్కలను దారాలతో వేలాడదీసి, పెరిగాక పగడపు దిబ్బలపై అతికిస్తారు. 2023 వేసవిలో నీళ్లు వేడెక్కి చాలా పగడాలు చనిపోయాయి. కొన్నింటిని ముందే ఒడ్డునున్న తొట్టెల్లోకి తెచ్చి కాపాడారు.

మరి పిల్లలు ఇంటి అక్వేరియంలోకి పగడం కావాలంటే? మన సముద్రాల్లోని గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో పాటు ఉన్నాయి. వాటిని తీయడం, అమ్మడం నేరం. యాత్రలకు వెళ్లినప్పుడు షాపువాళ్లు ఎంత నచ్చజెప్పినా కొనకండి. పైగా మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి మంచినీటి తొట్టెలు, ఉప్పునీళ్లు లేనిదే పగడం బతకదు. సిలికాన్ పగడాలు దొరుకుతాయి. గప్పీలకు అవి చాలు.